అన్నిటికన్నా చల్లటి చోటు

తాండూరు
8 ఫిబ్రవరి 1982

అక్కకు, తమ్ముడు నాగేశ్వర్ దండం పెట్టి రాసేది.

ఇక్కడ మాకేం కొదవ లేదు. సత్యమ్మకు నడుము నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. నిన్న నీ ప్రస్తావన వచ్చి, "వదినె జాబు రాసి ఎన్నొద్దులాయె, మనమీద కోపమొచ్చిందా ఏంది?" అని నన్నే తగులుకుంది. అందుకే ముందుగా నేను రాస్తున్నాను.

మన హోటల్ పక్కన కూర్చుని తాగే పర్మిట్ రూముకు మంజూరు వచ్చిందక్కా. బండల వ్యాపారులు, సిమెంటు ఫ్యాక్టరీ పనిమీద వచ్చే బొంబాయి ఇంజనీర్లు, అందరూ అడుగుతున్నారు. నీకు ఇష్టం ఉండదని తెలుసు. తిట్టు, కానీ తిట్టిన తర్వాత సలహా కూడా చెప్పు. ఎందుకంటే నా పరేషానంతా ఇప్పుడు ఒక్క పెట్టె గురించే. సీసాలు చల్లగా ఉండాలి. మన దోమ ఊళ్లో నాయన కల్లు కుండకు తడిగుడ్డ చుట్టి ఈతచెట్ల నీడన పెట్టేవాడు. అది ఆ కాలం. ఇప్పుడు తడిగుడ్డ చుట్టిన బీరు ఇస్తే సీసా నా నెత్తిన పగలగొడతారు.

హైదరాబాద్ పోయి రెండు చూసి వచ్చాను. ఒకటి సికింద్రాబాద్‌లో దొరల క్లబ్బు మూతపడి, పాత సామాను అమ్ముతుంటే కనబడింది. వైన్ కోసమే చేసిన పెట్టె. టేకు తలుపు, లోపల సీసాలు పడుకోబెట్టే అరలు. బిరడా తడిగా ఉండాలట, అందుకే పడుకోబెడతారట. తలుపు తీస్తే చేదబావి గట్టున కూర్చున్నట్టుంది. అమ్మేవాడు అన్నాడు, "సేఠ్, గిండ్ల పెట్టింది సల్లగుంటది గని గడ్డ కట్టది. వైన్ గడ్డ కట్టిందంటే దాని రుచి సచ్చినట్టే."

రెండోది ఆబిడ్స్ దుకాణంలో కొత్తది. సందూకలా నేలమీద పొడుగ్గా ఉంటుంది, పైన రెండు మూతలు. చెయ్యి పెడితే వేళ్లు తిమ్మిరెక్కాయి. మధ్యాహ్నం పెట్టిన సీసా పొద్దుగూకే సరికి పండ్లు జివ్వుమనేలా అవుతుందట.

బావ రైల్వేలో పెద్దసాబులు తిరిగే సెలూన్ బోగీలు చూసినవాడు. ఏది నయమో అడిగి రాయి. రేణుక పదో తరగతి చదువు ఎట్లా సాగుతోంది? దాని ఆరోగ్యం రాయడం మరిచిపోకు.

నీ తమ్ముడు,
నాగేశ్వర్


వికారాబాద్
17 ఫిబ్రవరి 1982

తమ్ముడు నాగేశ్వర్‌ను, మరదలు సత్యమ్మను చల్లగుండమని దీవించి అక్క సుమిత్ర రాసేది.

తిట్టమన్నావు కనుక మొదట అదే కానిస్తాను. మనం గౌండ్లోళ్లం, కల్లు అమ్మడం తప్పని నేననను. కానీ నాయన పొద్దున గీసింది పొద్దుటే అమ్మేవాడు. మిగిలితే పారబోసేవాడే కానీ పులిసింది ఎవరికీ పోయలేదు. సీసాలో ఏముందో, ఎప్పటిదో, ఎవడు కలిపాడో నీకు తెలుసా? నీ ముఖం. సరే, తిట్టడం అయిపోయింది.

మీ బావకు పెట్టెల సంగతి ఏం తెలుసు? పాయింట్స్‌మన్ పని చేసేవాడికి సెలూన్ బయటి రంగు తెలుస్తుంది, లోపలి చల్లదనం తెలుస్తుందా? "నీ తమ్మునికి ఏది పసందైతే గది కొనుమను" అని చెప్పి పండుకున్నాడు.

నీకు పెట్టె ఫికర్, నాకు కుండ ఫికర్. రేణుకకు రోజూ పొడిచే షుగరు మందు ఇసుక కుండలోనే పెడుతున్నాను. పూటకోసారి ఇసుక తడుపుతాను. పోయిన ఎండాకాలం ఏమైందో నీకు తెలుసు. కుండ తడుపుతూనే ఉన్నా, ఎండకు మందు చెడింది. పిల్ల సోయి తప్పితే దవాఖానకు ఎత్తుకుపోయాం. డాక్టరమ్మ, "వేడికి మందు పాడైందమ్మా, చల్లగా పెట్టుకోవాలి" అంది. ఈ రైల్వే క్వార్టర్లో ఇసుకకన్నా చల్లటిది నా దగ్గర ఏముంది? రేకుల కప్పు కింద నేనే ఉడికిపోతాను.

మళ్లీ ఎండాకాలం వస్తోంది. ఏమీ అడగడం లేదు, మనసులో ఉన్నది రాస్తున్నానంతే.

రేణుక మంచిగా చదువుతోంది. సూది తనే పొడుచుకుంటోంది, నన్ను ముట్టనివ్వడం లేదు. "అమ్మా, నువ్వు పొడుస్తె నీకే కండ్లల్ల నీళ్లొస్తయి, పక్కకు జరుగు" అంటుంది.

నీ అక్క,
సుమిత్ర


తాండూరు
25 ఫిబ్రవరి 1982

అక్కా, నీ జాబు చదివి సత్యమ్మ నన్ను నిద్రపోనివ్వలేదు.

"అడగడం లేదు" అని రాశావు. ఇంత దూరం చేశావా నన్ను? రేణుక నా మేనకోడలు. దాని పుట్టువెంట్రుకలు నా ఒళ్లో తీశారు. పరీక్షలు కాగానే తాండూరు పంపించు. ఎండాకాలమంతా ఇక్కడే ఉంటుంది, దాని మందు నా పెట్టెలో ఉంటుంది. మేడమీద గది ఖాళీ చేయిస్తున్నాను. కింద తాగేవాళ్ల మాట దానికి వినబడదు, మెట్లు కూడా వేరే.

పెట్టె సంగతి చెప్పనా? క్లబ్బుదే తీసుకుందామని మనసు పడ్డాను. మాట కూడా ఇచ్చి వచ్చాను. బొంబాయి ఇంజనీరు ఒకాయన దాని సంగతి విని, "అట్లాంటిది ఈ జిల్లాలో ఎవరి దగ్గరా లేదు" అన్నాడు. మోటారు చప్పుడు కూడా తక్కువ. ధర కూడా కొత్తదానికన్నా అగ్గువ. బీరుకు ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డలు తెప్పించుకుంటే సరిపోతుంది.

మొన్న మోమిన్‌పేట్ నుంచి మన శంకరప్ప మామ వచ్చాడు. ఇంకా చెట్టెక్కుతున్నాడట, మోకు కట్టిన నడుము ఇనుమే అనుకో. నిన్ను అడిగాడు.

రేణుకకు చెప్పు, మామ ఎదురుచూస్తున్నాడని.

నాగేశ్వర్


వికారాబాద్
6 మార్చి 1982

నాగేశ్వర్‌కు అక్క రాసేది.

నీ జాబు మీ బావకు చదివి వినిపించాను. మొదటి సగానికి నా కడుపు నిండింది. రెండో సగానికి మండింది.

అగ్గువకు వచ్చిందని దొరలు పారేసిన పాత పెట్టె కొంటావా? చేదబావి గట్టున కూర్చున్నట్టుంటుందని నువ్వే రాశావు. ఆ చల్లదనం నా కుండలోనే ఉంది, దానికోసం బిడ్డను తాండూరు దాకా ఎందుకు పంపాలి? నీ బొంబాయి ఇంజనీరు మెచ్చుకుంటాడని రేణుక మందు గోరువెచ్చగా పెడతావా?

మనకు తెలియని విద్యా ఇది? కల్లు ఎట్లా చెడుతుంది? వేడికి పులుస్తుంది. ఎంత చల్లగుంటే అంత సేపు నిలుస్తుంది. ఈ మందు కూడా అంతే. ఎండకు చెడితే నా బిడ్డ ఎట్లా పడి ఉందో నేను చూశాను, నువ్వు చూడలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయన్నావే, ఆ పెట్టె అయితే పంపుతాను. లేదంటే నా బిడ్డ, నా కుండ, నా కర్మ. పిసినారితనం వ్యాపారంలో చూపించు, మేనకోడలి దగ్గర కాదు.

కోపంగా రాశాననుకోకు. అనుకున్నా సరే.

సుమిత్ర


తాండూరు
22 మార్చి 1982

అక్కకు దండాలు.

పిసినారి అన్నావు. సత్యమ్మ ఆ మాట చదివి నవ్వింది, నాకు నవ్వు రాలేదు. నేను ఆ టేకు పెట్టె కొనాలనుకున్నది అగ్గువని కాదక్కా, అది నా కంటికి అందంగా కనబడింది. ఇంతే. సరే పోనీ. మాట వెనక్కి తీసుకున్నాను. క్లబ్బు సామాను అమ్మేవాడు నోటికి వచ్చినట్టు అన్నాడు, పడ్డాను. ఆబిడ్స్ పెట్టె లారీలో వచ్చి దిగింది. నీ మాట కోసమే దిగింది, గుర్తుంచుకో.

దాన్ని దించడానికి బండలు మోసే హమాలీలు రావాల్సి వచ్చింది. పొయ్యి ఉన్న గోడకు దూరంగా పెట్టించాను, వేడి తగిలితే మోటారు అలసిపోతుందట. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కనుక స్టెబిలైజరు పెట్టాం, ఉన్నప్పుడే బాగా చల్లబడాలని మీట ఆఖరు దాకా తిప్పి ఉంచాను. రెండో రోజుకే లోపలి గోడలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. బజారు జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చి మూత ఎత్తి చూసిపోతున్నారు. అంజిలయ్య ముసలాయన చెయ్యి పెట్టి, "అరె నాగేశా, పానం పోయినోణ్ని గిండ్ల పెడ్తె పదొద్దులకైనా చెడడు" అన్నాడు. సత్యమ్మ ఆయన్ని తిట్టి పంపింది.

ఒక సంగతి అడగాలి. లోపల పైభాగాన తీగె బుట్ట ఒకటి ఉంది. అడుగున బీరు సీసాలు. రేణుక మందు ఆ బుట్టలో పెట్టనా? నువ్వు చెప్పినట్టు చేస్తాను. మళ్లీ మాట పడే ఓపిక లేదు.

నాగేశ్వర్


వికారాబాద్
3 ఏప్రిల్ 1982

తమ్ముడూ,

కోపం మనసులో పెట్టుకోకు. అమ్మ పోయిన తర్వాత నిన్ను ఎత్తుకుని తిరిగినదాన్ని, ఈ నోరు నాలుగు మాటలు అంటుంది. పెట్టె తెచ్చావని తెలిసి ఆ రాత్రి నిమ్మళంగా పండుకున్నాను.

పరీక్షలు బాగా రాశానంటోంది రేణుక. ఎల్లుండి పొద్దుటి బండికి మీ బావ తీసుకొస్తాడు. మందు సీసాలు తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాను, దిగగానే పెట్టెలో పెట్టు.

బుట్టలో వద్దు. తాగేవాళ్లు గడియకోసారి సీసా అడుగుతారు, నువ్వు మూత తీస్తూనే ఉంటావు, పైన ఉన్నదానికే ముందు వేడి తగులుతుంది. అడుగున పెట్టు. ఆ తెల్లబడ్డ గోడకు ఆనించి, అన్నిటికన్నా చల్లటి చోట పెట్టు. దానికి ఎవరి చెయ్యీ తగలకూడదు.

అన్నం కొలిచి పెట్టమని సత్యమ్మకు చెప్పు. మిఠాయి దరిదాపులకు రానివ్వొద్దు. పొద్దున ఉచ్చ పరీక్ష చెయ్యడం దానికి వచ్చు. నీలం నీళ్లల్లో వేసి కాస్తే నీలంగానే ఉండాలి, ఎర్రబడితే షుగరు ఉన్నట్టు.

అది లేకుండా ఈ ఇల్లు ఎట్లా ఉంటుందో ఇప్పటినుంచే భయమవుతోంది.

నీ అక్క


తాండూరు
15 ఏప్రిల్ 1982

అక్కా, నీ బిడ్డ మా ఇంటిని చేతుల్లోకి తీసుకుంది.

పొద్దున లేస్తే సత్యమ్మకు పేపరు చదివి వినిపిస్తుంది. మధ్యాహ్నం హోటల్ బోర్డుమీద అక్షరాలు వంకరగా ఉన్నాయని నాతో కయ్యం. పెయింటరును పిలిపించి మళ్లీ రాయించే దాకా ఊరుకోలేదు. బోర్డు ఇప్పుడు నిజంగానే బాగుంది, ఆ మాట దానికి చెప్పకు.

మందు నువ్వు చెప్పినట్టే అడుగున, గోడకు ఆనించి పెట్టాను. పొద్దున నేనే తీసి ఇస్తాను. ఎంత చల్లగా ఉంటోందంటే సీసాలో మందు రాయిలా గడ్డకట్టి వస్తోంది. మొదటి రోజు రేణుక చూసి, "మామా, గిది ఐస్‌ఫ్రూట్ అయింది సూడు" అని నవ్వింది. రెండు చేతుల మధ్య పెట్టుకుని కరిగేదాకా కూర్చుంటుంది, తర్వాత పొడుచుకుంటుంది. ఇంత చల్లటి మందు ఏ నవాబు కూడా పొడుచుకుని ఉండడు. ఇప్పుడైనా నన్ను పిసినారి అనవు కదా?

ఒకటే, నీళ్లు మస్తుగా తాగుతోంది. రాత్రి కూజా ఖాళీ చేస్తోంది. తాండూరు ఎండ అట్లాంటిది, బండలు కాలితే ఊరంతా పెనంలా ఉంటుంది. ఫికర్ చేయకు.

నాగేశ్వర్


వికారాబాద్
21 ఏప్రిల్ 1982

నాగేశ్వర్‌కు,

గడ్డ కట్టిందని చదివి ఎల్లమ్మ తల్లికి దండం పెట్టుకున్నాను. గడ్డ కట్టిందంటే ఇక చెడేది లేదు. అక్కడే ఉంచు, కదపకు.

కానీ నీళ్ల సంగతి చదివి నా గుండె జారింది. ఎండ అంటావేమిటి? నాకు ఆ దాహం తెలుసు. షుగరు ఎక్కితేనే అట్లా తాగుతుంది. మందు అంత మంచిగా ఉన్నప్పుడు షుగరు ఎందుకు ఎక్కుతుంది? తింటేనే ఎక్కుతుంది. మీ హోటల్లో జిలేబి వేస్తారు, మైసూరుపాకు చేస్తారు. సత్యమ్మకు పిల్లలు లేరు, చెయ్యి మెత్తన. "పాపం పిల్ల" అని ఒక ముక్క పెడుతుంది. ఆ ముక్క విషమని ఎన్నిసార్లు చెప్పాలి?

మిఠాయి అల్మరాకు తాళం వెయ్యి. రేణుకను నిలబెట్టి అడుగు, గట్టిగా అడుగు. అది నవ్వి మాట దాటేస్తుంది, దాని నవ్వుకు పడిపోకు.

సుమిత్ర


తాండూరు
28 ఏప్రిల్ 1982

అక్కా,

నువ్వు రాసినట్టే చేశాను. చెయ్యకుండా ఉంటే బాగుండేది.

సత్యమ్మను అడిగితే అది దేవుడి పటం మీద చెయ్యి పెట్టింది. రేణుకను అడిగితే మొదట నవ్వింది. నేను గొంతు పెంచాను. అప్పుడు ఏడ్చింది. "అమ్మమీద ఒట్టు మామా, నేను ముట్టలే. నాకు ఆకలి గూడ అయితలేదు" అంది. నీలం నీళ్లు ఇటుక రంగుకు వస్తున్నాయి, మరి ఏమనుకోవాలి? అల్మరాకు తాళం వేశాం. అన్నం సగం చేశాం. మందు కాస్త ఎక్కువే పొడుచుకుంటోంది. అయినా మెడ ఎముకలు బయటికి వచ్చాయి. నిన్న మెట్లెక్కలేక మధ్యలో కూర్చుంది.

హోటల్లో పనిచేసే వాళ్లందరినీ పిలిచి, ఎవరైనా దానికి మిఠాయి ఇచ్చారా అని దాని ముందే అడిగాను. అది తల వంచుకుని నిలబడింది. ఆ పని నేను చేయాల్సింది కాదు.

వచ్చే ఆదివారం బండికి నేనే తీసుకొచ్చి డాక్టరమ్మకు చూపిస్తాను.

నాగేశ్వర్


వికారాబాద్
20 మే 1982

నాగేశ్వర్‌కు,

పదోరోజు నాడు నువ్వు, సత్యమ్మ వాకిట్లో నిలబడి ఏడ్చారు. లోపలికి రమ్మని నేను పిలవలేదు. ఎందుకు పిలవలేదో రాస్తున్నాను.

ఆదివారం దాకా ఎందుకు ఆగారు? మెట్లమీద కూర్చున్న రోజే బండెక్కిస్తే ఏమయ్యేది? మీరు స్టేషనులో దించినప్పుడు నా బిడ్డ ఊపిరి రొప్పుతూ ఉంది, కళ్లు లోపలికి పోయాయి. దవాఖానలో మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేను తినలే" అంది. నేనేమన్నానో తెలుసా? "అబద్ధం ఆడకు బిడ్డా" అన్నాను. తర్వాత అది ఇంకేమీ మాట్లాడలేదు. తెల్లవారేసరికి పోయింది. నా బిడ్డతో నేను ఆడిన ఆఖరి మాట అది.

తిన్నది, పెట్టినవాళ్లు పెట్టారు. సత్యమ్మ తన చేత్తో పెట్టిందో, ఇంకెవరి చేత పెట్టించిందో దేవుడికి తెలుసు. పిల్లలు లేని మనిషికి ప్రేమ ఎక్కువ, తెలివి తక్కువ. నా గడప తొక్కొద్దని చెప్పు.

సుమిత్ర


తాండూరు
4 జూన్ 1982

అక్కకు నాగేశ్వర్ కాళ్లకు మొక్కి రాసేది.

రేణుక తినలేదక్కా. ముందు ఈ మాట చదువు. సత్యమ్మ పెట్టలేదు, ఎవరూ పెట్టలేదు.

మిగిలిపోయిన మందు సీసా తీసుకుని హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి పోయాను. సీసా వెలుగుకు పెట్టి చూసి, దీన్ని ఎక్కడ పెట్టారని అడిగాడు. చెప్పాను. ఈ మందు చల్లగా ఉండాలి కానీ గడ్డ కట్టకూడదట. ఒక్కసారి గడ్డ కడితే, కరిగినా దాని బలం పోతుందట. ఎండకు చెడినట్టే చలికీ చెడుతుందట. రేణుక రోజూ పొడుచుకున్నది వట్టి నీళ్లేనక్కా. అరచేతుల్లో పెట్టుకుని కరిగించుకుని మరీ పొడుచుకుంది.

తప్పు నాది. నేను మొదట మందును పైన తీగె బుట్టలోనే పెట్టాను. అక్కడ ఉంటే ఏమీ అయ్యేది కాదు. తర్వాత బుట్టలో సీసాలు పెట్టుకోవడానికి జాగా చాలక నేనే దాన్ని అడుక్కి తోశాను. మీట ఆఖరుకు తిప్పింది కూడా నేనే, తాగేవాళ్లకు పండ్లు జివ్వుమనాలని. ఇందులో ఇంకెవరి ప్రమేయమూ లేదు. బావకు కూడా ఇదే చదివి వినిపించు.

పెట్టె అమ్మేశాను. పర్మిట్ రూముకు తాళం వేశాను. సత్యమ్మ పగలంతా మేడమీద గదిలో కూర్చుంటోంది.

నన్ను ఏమన్నా అను. ఆ పిల్లను మాత్రం దొంగతిండి తిన్నదని అనుకోకు.

నీ తమ్ముడు,
నాగేశ్వర్


వికారాబాద్
16 జూన్ 1982

తమ్ముడూ,

నీ జాబు మీ బావ చేతిలోనే పడింది. కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. చదివి జాబు మడిచి, "బీరు సీసలకు జాగ చాల్లేదని నీ తమ్ముడు నా బిడ్డను సంపిండు" అన్నాడు.

నేను కాదనలేదు. అవుననలేదు. లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

నాగేశా, నువ్వు చిన్నప్పటినుంచీ అబద్ధం ఆడలేవు. బుట్టలో పెట్టనా అని నన్ను అడిగావు. వద్దన్నది నేను. అడుగున పెట్టమన్నది నేను. టేకు పెట్టె వద్దని నిన్ను తిట్టి, ఈ పెట్టె తెప్పించింది నేను. గడ్డ కట్టిందని నువ్వు రాస్తే కదపకు అని రాసింది కూడా నేనే. నా చేత్తో నేను రాసింది మరిచిపోతాననుకున్నావా?

మీ బావకు నిజం చెప్పాలని రోజూ అనుకుంటున్నాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చి నా పక్కన కూర్చుంటాడు. నేను పెట్టింది తింటాడు. రాత్రి నా చెయ్యి పట్టుకుని పడుకుంటాడు. ఆ చేత్తోనే రాశానని ఎట్లా చెప్పను? చెబితే ఆయనకు బిడ్డా ఉండదు, నేనూ ఉండను. ఆయన కోపం నీమీద పెట్టుకుని బతుకుతున్నాడు. దాన్ని లాక్కునే ధైర్యం నాకు లేదు.

సత్యమ్మ కాళ్లు పట్టుకున్నానని చెప్పు. అంతకన్నా ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

ఈ ఏడు పుట్టింటివాళ్లు నాకు ఒడిబియ్యం పోసే ఏడు. చీర, పసుపు, బియ్యం పట్టుకుని నువ్వు వస్తావు, నాకు తెలుసు. రాకు. మీ బావ నిన్ను వాకిట్లో నిలబెట్టి నానా మాటలు అంటాడు. నువ్వు తల వంచుకుని పడతావు. అది చూస్తూ నేను నోరు మూసుకుని ఉండలేను తమ్ముడూ. నిన్ను చూస్తే చెప్పేస్తాను.

అందుకే రాకు.

నీ అక్క